తెలివి నడుమనా, కొసలనా: కంప్యూటర్ నెట్‌వర్కుల అరవై ఏళ్ల వాదం

రెండు కంప్యూటర్ల మధ్య ఒక తీగ వేస్తే చాలు, అవి మాట్లాడుకుంటాయి. మూడోది వచ్చి చేరగానే తగాదా మొదలవుతుంది. ఎవరు పంపింది ఎవరికి చేరాలి? దారిలో పాడైతే తిరిగి ఎవరు పంపాలి? ఇద్దరు ఒకేసారి పంపితే ఎవరు ఆగాలి? ఈ పనులన్నీ తీగల నడుమ కూర్చున్న పెట్టెలు చూసుకోవాలా, కొసల్లో ఉన్న కంప్యూటర్లు చూసుకోవాలా? నెట్‌వర్కింగు రంగంలో జరిగిన పెద్ద వాదాలన్నిటి అడుగునా ఉన్నది ఈ ప్రశ్నే. హబ్, స్విచ్, రౌటర్, మోడెమ్, ఫైర్‌వాల్ అంటూ మన విద్యార్థులు కంఠస్థం చేసే పరికరాలన్నీ ఈ వాదంలో ఒక్కో దశలో కుదిరిన రాజీలు. పాఠ్యపుస్తకం వాటిని పక్కపక్కన పేర్చి చూపిస్తుంది. అందువల్ల హబ్ ఎందుకు పోయింది, స్విచ్ ఎందుకు నిలిచింది అన్నది చదివేవాడికి అందదు.

ఈ మధ్య వాదం మరీ చిక్కుపడింది. రద్దీ విషయంలో కొసల పక్షం వహించే ఇంజినీరే భద్రత దగ్గరికి వచ్చేసరికి నడుమ ఒక కాపలా పెట్టె కావాలంటాడు. పౌరహక్కుల కోసం మాట్లాడేవాళ్లు, టెలికాం కంపెనీలు, పరికరాల తయారీదార్లు ఒకే మాటలు వాడుతూ వేరువేరు సంగతులు చెబుతున్నారు. అందుకే మొదటినుంచీ వరస కలిపి చూడడం అవసరం.

టెలిఫోన్ నుంచి వచ్చిన ఆస్తి

టెలిఫోన్ వ్యవస్థలో తెలివంతా ఎక్స్ఛేంజిలోనే. ఇంట్లో ఉన్న ఫోను ఒక మైకు, ఒక స్పీకరు, అంకెలు తిప్పే చక్రం మాత్రమే. కాల్ కలిపినంతసేపూ ఈ కొసనుంచి ఆ కొసదాకా ఒక దారి మొత్తం ఆ ఇద్దరికే కేటాయించి ఉంటుంది. మాట్లాడకుండా ఊరుకున్నా దారి వాళ్లదే.

1964లో అమెరికాలోని ర్యాండ్ సంస్థలో పాల్ బారన్ దీన్ని తలకిందులు చేసే ప్రతిపాదన రాశాడు. అణుదాడిలో కొన్ని కేంద్రాలు కూలినా మిగతావాటి మధ్య సమాచారం నడవాలంటే సందేశాన్ని చిన్న ముక్కలుగా చేయాలి, ప్రతి ముక్కా దొరికిన దారిన పోవాలి. ఆ తర్వాత కొద్దికాలానికే బ్రిటన్ జాతీయ భౌతిక ప్రయోగశాలలో డోనల్డ్ డేవిస్ స్వతంత్రంగా అదే ఆలోచనకు వచ్చి, ఆ ముక్కకు ప్యాకెట్ అని పేరు పెట్టాడు. అతని కారణం యుద్ధం కాదు, పొదుపు. కంప్యూటర్ల సంభాషణ తుంపర్లుగా సాగుతుంది. తుంపర్ల కోసం ఒక తీగను గంటల తరబడి కట్టేసి ఉంచడం దండగని అతని లెక్క.

1969 అక్టోబరు 29న లాస్ ఏంజెలిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం నుంచి స్టాన్‌ఫర్డ్ పరిశోధన సంస్థకు, ప్యాకెట్లతో నడిచే తొలి నెట్‌వర్కుల్లో ఒకటైన ఆర్పానెట్ మీద మొదటి సందేశం వెళ్లింది. రెండక్షరాలు చేరాక అవతలి యంత్రం ఆగిపోయింది. ఆ రెండు కంప్యూటర్లనూ నేరుగా కలపలేదన్నది గమనించాలి. ఒక్కోదాని ముందు హనీవెల్ మినీ కంప్యూటర్‌తో బీబీఎన్ కంపెనీ తయారుచేసిన ఐఎంపీ అనే పెట్టె ఉంది. ఇవాళ్టి రౌటర్‌కు అది పూర్వీకురాలు. ప్యాకెట్లను సరిచూసి, పోయినవాటిని మళ్లీ పంపి, వరస తప్పకుండా అప్పగించే బాధ్యత ఐఎంపీలదే. ప్యాకెట్లయితే వచ్చాయి కాని, తెలివి ఇంకా నడుమనే ఉంది.

ఫ్రాన్స్‌లో విడిపోయిన దారులు

తెలివిని కొసలకు తరలించినవాడు లూయీ పూజాన్. 1970ల మొదట్లో ఫ్రాన్స్‌లో అతను నడిపిన సిక్లాడ్ ప్రాజెక్టులో నడిమి పెట్టెలు ఏ హామీ ఇవ్వవు. ప్యాకెట్‌ను ముందుకు తోస్తాయి, అంతే. పోయినదేదో, తిరిగి అడగాల్సిందేదో కొసల్లో ఉన్న కంప్యూటర్లే తేల్చుకోవాలి. ఫ్రెంచి తపాలా, టెలిఫోన్ల శాఖకు ఇది నచ్చలేదు. హామీ ఇవ్వని సేవకు డబ్బు ఎలా వసూలు చేస్తామన్నది వాళ్ల ఇబ్బంది. వివిధ దేశాల్లోని అలాంటి శాఖలు కలిసి 1976లో ఎక్స్ 25 ప్రమాణాన్ని తెచ్చుకున్నాయి. అందులో ప్యాకెట్లున్నా ముందుగా ఒక ఊహాత్మక సర్క్యూట్ కట్టాలి, దాని బాధ్యత నెట్‌వర్కుదే.

వింట్ సర్ఫ్, బాబ్ కాన్ 1974లో ప్రచురించిన టీసీపీ రూపకల్పన పూజాన్ ఆలోచన నుంచి చాలా తీసుకుంది. 1978లో దాన్ని రెండుగా చీల్చారు. చిరునామా చూసి తోసేంతవరకే ఐపీ, నడిమి పెట్టెలకు అది చాలు. లెక్క, వరస, తిరిగి పంపడం టీసీపీ వంతు, అది కొసల్లో ఉంటుంది. 1983 జనవరి 1న ఆర్పానెట్ మొత్తం దీనికి మారింది. 1984లో సాల్ట్‌జర్, రీడ్, క్లార్క్ ప్రచురించిన వ్యాసం ఈ ఏర్పాటుకు సిద్ధాంతం కట్టింది. వాళ్ల తర్కం సరళం. ఒక ఫైలు సరిగ్గా చేరిందో లేదో చివరికి అందుకున్న కంప్యూటరే సరిచూసుకోక తప్పదు. అలాంటప్పుడు నడుమ ప్రతి మజిలీలోనూ చేసే సరిచూపు వేగం కోసం పనికొస్తే రావచ్చుగాని, నమ్మకానికి పూచీ కాలేదు.

అదే ఏడాది అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ ఏడంతస్తుల ఓఎస్ఐ నమూనాను ప్రకటించింది. ప్రభుత్వాలు దాని వెంట నిలబడ్డా ఆచరణలో టీసీపీ, ఐపీలే నిలిచాయి. ఓఎస్ఐకి మిగిలింది పాఠం చెప్పడానికి పనికొచ్చే చట్రం. హబ్ మొదటి అంతస్తు, స్విచ్ రెండు, రౌటర్ మూడు అని మన ఇంజినీరింగు కాలేజీల్లో ఇప్పటికీ దాని ప్రకారమే చెబుతారు.

గది లోపల తిరగబడిన లెక్క

దూరాలు కలిపే నెట్‌వర్కులో కొసలు గెలిచిన కాలంలోనే, ఒకే భవనంలోని నెట్‌వర్కులో దానికి సరిగ్గా ఎదురుగా జరిగింది. సమీక్షలు ఈ సంగతిని తరచూ వదిలేస్తాయి. నా దృష్టిలో వాదం మొత్తానికీ కీలకం ఇక్కడే ఉంది.

జిరాక్స్ కంపెనీ పరిశోధనశాల పార్క్‌లో బాబ్ మెట్‌కాఫ్ 1973 మేలో ఈథర్‌నెట్‌ను ప్రతిపాదించినప్పుడు అందులో నడిమి పెట్టె అన్నదే లేదు. ఒక లావుపాటి కోయాక్సియల్ కేబుల్, దానికి తగిలించిన కంప్యూటర్లు. పంపే ముందు ప్రతి కంప్యూటరూ తీగను వింటుంది. ఖాళీగా ఉంటే పంపుతుంది. ఇద్దరూ ఒకేసారి పంపి సంకేతాలు గుద్దుకుంటే ఇద్దరూ ఆగి, చెరొక యాదృచ్ఛిక సమయం తర్వాత మళ్లీ ప్రయత్నిస్తారు. ఈ పద్ధతికి మూలం హవాయి విశ్వవిద్యాలయంలో నార్మన్ ఏబ్రమ్సన్ నడిపిన అలోహా రేడియో నెట్‌వర్కు. అక్కడ వినడం కూడా లేదు, తోచినప్పుడు పంపడమే. అందుకే గరిష్ఠంగా చానెల్‌లో 18 శాతమే ఉపయోగపడేదని గణితం చెబుతుంది. మెట్‌కాఫ్ అందులో వినడాన్ని చేర్చాడు.

ఐబీఎం 1985లో తెచ్చిన టోకెన్ రింగ్ ఈ గుద్దులాటను ఒప్పుకోలేదు. వలయంలో ఒక టోకెన్ తిరుగుతుంటుంది, అది చేతికొచ్చినవాళ్లే పంపాలి. ఎంత రద్దీలోనైనా తమ వంతు ఎంతసేపట్లో వస్తుందో ముందే చెప్పవచ్చు. సిద్ధాంతంలో ఇదే మెరుగని చాలామంది నమ్మారు, అందులో నిజం కూడా ఉంది. కాని దాని కార్డులు ఖరీదు, తయారీదార్లు కొద్దిమంది. ఈథర్‌నెట్ ప్రమాణాన్ని డిజిటల్, ఇంటెల్, జిరాక్స్ 1980లోనే అందరికీ తెరిచి ఉంచాయి.

అయితే ఈథర్‌నెట్‌కూ తన చిక్కులున్నాయి. సన్నరకం కోయాక్సియల్ వాడిన ఆఫీసుల్లో ఒక్క జాయింటు వదులైతే ఆ వరసలోని కంప్యూటర్లన్నీ మూగబోయేవి. ఏ బల్ల దగ్గర తప్పు జరిగిందో వెతకడానికి మనిషి గది గదీ తిరగాలి. 1990లో వచ్చిన టెన్ బేస్ టీ ప్రమాణం దీన్ని మార్చింది. ప్రతి కంప్యూటర్ నుంచి మెలితిప్పిన రాగి జతల కేబుల్ ఒకటి, గరిష్ఠంగా 100 మీటర్లు, వచ్చి ఒక హబ్‌లో కలుస్తుంది. ఒక తీగ తెగితే ఆ ఒక్క కంప్యూటరే పోతుంది. హబ్‌కు మాత్రం తెలివి లేదు. ఒక పోర్టులో వచ్చిన సంకేతాన్ని మిగతా పోర్టులన్నిటికీ తిరిగి వినిపిస్తుంది, అంటే పాత ఉమ్మడి తీగనే పెట్టెలో చుట్టి పెట్టినట్టు. గుద్దులాట అలాగే ఉంది.

అదే ఏడాది కల్పన అనే అమెరికన్ కంపెనీ ఈథర్‌నెట్ స్విచ్‌ను మార్కెట్‌లోకి తెచ్చింది. 1994లో సిస్కో దాన్ని కొనేసింది. వచ్చిన ప్రతి ఫ్రేములో, అంటే ఈథర్‌నెట్ ప్యాకెట్‌లో, పంపినవారి 48 బిట్ల మ్యాక్ చిరునామాను స్విచ్ చదువుతుంది, అది ఏ పోర్టు నుంచి వచ్చిందో పట్టికలో రాసుకుంటుంది. తర్వాత ఆ చిరునామాకు వచ్చేది ఆ పోర్టుకే పంపుతుంది. తెలియకపోతేనే అందరికీ పంపుతుంది. ఎవరూ దానికి ఏదీ నేర్పనక్కరలేదు, పెట్టె కరెంటుకు తగిలిస్తే చాలు. ప్రతి కంప్యూటరుకూ తన తీగ తనదే అయ్యేసరికి గుద్దులాట పోయింది. పంపడం, అందుకోవడం ఒకేసారి జరగసాగాయి. మెట్‌కాఫ్ పద్ధతిలో అసలు కొత్తదనం ఏదో అదే అనవసరమైపోయింది. ఈథర్‌నెట్ పేరు, ఫ్రేము ఆకారం మిగిలాయి.

నడిమి పెట్టె ఇక్కడ గెలవడానికి మొదటి కారణం చిప్పులు చవకై పట్టికలు గుర్తుపెట్టుకునే ఖర్చు పడిపోవడం. రెండోది, స్విచ్ కొసలనుంచి ఏ మార్పూ అడగకపోవడం. పాత కార్డున్న కంప్యూటర్ అలాగే పనిచేసింది. అయినా నడుమకు తెలివి వస్తే దానితో కొత్త జబ్బులూ వస్తాయి. రెండు స్విచ్‌ల మధ్య పొరపాటున రెండు కేబుళ్లు వేస్తే, అందరికీ పంపిన ఫ్రేము వలయంలో పడి నెట్‌వర్కు స్తంభించేదాకా తిరుగుతూనే ఉంటుంది. స్విచ్‌ల ముందుతరం పెట్టెలైన బ్రిడ్జిల కోసం 1985లో రేడియా పెర్ల్‌మన్ రూపొందించిన స్పానింగ్ ట్రీ పద్ధతి, అదనపు దారులను తాత్కాలికంగా మూసి వలయం లేకుండా చేసింది. ఇవాళ్టి స్విచ్‌లలోనూ దాని వారసులే పనిచేస్తున్నాయి.

1986 అక్టోబరు, ఆ తర్వాత

కొసవాదానికి అతిపెద్ద పరీక్ష 1986 అక్టోబరులో వచ్చింది. లారెన్స్ బర్క్‌లీ ప్రయోగశాలకూ బర్క్‌లీ విశ్వవిద్యాలయానికీ మధ్య దూరం 400 గజాలు. వాటి మధ్య సమాచార వేగం సెకనుకు 32 వేల బిట్ల నుంచి 40 బిట్లకు పడిపోయింది. ప్యాకెట్లు పోతున్నకొద్దీ కొసలు మళ్లీ మళ్లీ పంపుతున్నాయి, పంపినకొద్దీ రద్దీ ఇంకా పెరుగుతోంది. వాన్ జేకబ్సన్ 1988లో వివరించిన చికిత్స పూర్తిగా కొసల్లోనే జరిగింది. ప్యాకెట్ పోయిందంటే దారి ఇరుకైందని అర్థం చేసుకుని వేగం తగ్గించు, నెమ్మదిగా మళ్లీ పెంచు. ప్రపంచంలో ఒక్క రౌటర్‌నూ మార్చకుండా ఇంటర్నెట్ నిలబడింది. కొసవాదులు దీన్ని తమ రుజువుగా చూపడం న్యాయమే.

కథ అక్కడ ఆగలేదు. జ్ఞాపకశక్తి చిప్పులు చవకవడంతో రౌటర్లు, మోడెముల తయారీదార్లు పెద్ద పెద్ద బఫర్లు పెట్టారు. ప్యాకెట్ పోదు, వరసలో ఇరుక్కుంటుంది. పోతేనేగాని కొసకు రద్దీ సంగతి తెలియదు. ఇంట్లో ఒకరు పెద్ద ఫైలు ఎక్కిస్తుంటే మరొకరి వీడియో కాల్ ముక్కలవడానికి తరచుగా ఇదే కారణం. 2010 ప్రాంతంలో జిమ్ గెటీస్ ఈ జబ్బుకు బఫర్‌బ్లోట్ అని పేరుపెట్టాడు. దీనికి మందు కొసల్లో మాత్రమే దొరకలేదు. వరసలో ప్యాకెట్ ఎంతసేపు నిలిచిందో చూసి ముందే వదిలేసే కోడెల్ పద్ధతిని క్యాథ్లీన్ నికల్స్‌తో కలిసి 2012లో ప్రతిపాదించినవాడు మళ్లీ జేకబ్సనే. కొసల్లో చికిత్స చేసినవాడే ఈసారి నడుమకు వెళ్లాడు. ఇందులో వైరుధ్యం లేదు. వరస ఎంత పొడుగుందో నడిమి పెట్టెకే తెలుస్తుంది, అవతలివాడికి ఏం కావాలో కొసకే తెలుస్తుంది.

చిరునామాల కరువు

ఈ వాదంలో మామూలు మనిషి ఎక్కువగా నష్టపోయింది ఇక్కడ. ఐపీ నాలుగో రూపంలో చిరునామా 32 బిట్లు, అంటే సుమారు 429 కోట్లు. 1990ల మొదట్లోనే ఇవి చాలవని అర్థమైంది. 1994లో తాత్కాలిక ఉపాయంగా న్యాట్ వచ్చింది. ఇంట్లోనో ఆఫీసులోనో అందరికీ సొంత వాడకపు చిరునామాలు, బయటి ప్రపంచానికి మాత్రం రౌటర్ ఒక్కటే చిరునామా చూపిస్తుంది. ఏ జవాబు లోపల ఎవరికి చేరాలో పట్టికలో రాసుకుంటుంది. శాశ్వత పరిష్కారంగా 128 బిట్ల ఐపీవీ6 తొలి వివరణ 1995 డిసెంబరులోనే వచ్చింది. తాత్కాలికమనుకున్నది బాగా పనిచేసింది కనుక శాశ్వతమైనది ఆలస్యమైంది. 2011 ఫిబ్రవరి 3న ప్రపంచ స్థాయి చిరునామాల నిల్వ పూర్తిగా పంచిపెట్టడం అయిపోయింది. ఆ ఏప్రిల్‌లోనే మన ఆసియా పసిఫిక్ ప్రాంతానికి ఆఖరి పొదుపు నిల్వలోకి దిగాల్సివచ్చింది.

అప్పటినుంచి ఇంటర్నెట్ ఇచ్చే కంపెనీ స్థాయిలోనే న్యాట్ మామూలైంది. ఒకే బహిరంగ చిరునామా వెనక అనేక కుటుంబాలు. పేజీలు చూడడానికి, సినిమా చూడడానికి తేడా తెలియదు. బయటివాళ్లు మన ఇంట్లోని కంప్యూటరును నేరుగా చేరడం మాత్రం ఆ పట్టిక దాటి సాధ్యం కాదు. పొలం దగ్గర మోటారుకు పెట్టిన కెమెరాను ఊళ్లో ఉన్న ఫోనులో చూడాలన్నా ఆ దృశ్యం సాధారణంగా ఏదో కంపెనీ సర్వర్ మీదుగా తిరిగి రావాలి. 1983 నాటి రూపకల్పనలో ప్రతి కొసా సమానం. న్యాట్ తర్వాత కొన్ని కొసలు అడగగలవు, కొన్ని మాత్రమే చెప్పగలవు. న్యాట్‌ను సమర్థించేవాళ్లు దానివల్ల అనుకోకుండా ఒక కంచె ఏర్పడిందని, అడగని ప్యాకెట్ లోపలికి రాదని గుర్తుచేస్తారు. ఆ ప్రయోజనం నిజమే. కాని కంచె కావాలంటే ఫైర్‌వాల్ ఉంది, దాన్ని తీయాలనుకున్నవాడు తీసుకోగలడు. కంపెనీ న్యాట్‌ను వాడకందారు తీయలేడు. నా తూకం ఇక్కడ కొసల వైపే.

ఐపీవీ6 అమలులో భారత్ ప్రపంచంలో ముందువరసలో ఉండడం ఈ లెక్కన సంతోషకరం. 2016 సెప్టెంబరులో మొదలైన జియో మొదటినుంచీ దాన్ని పెద్ద ఎత్తున వాడింది.

కంచెలకు ఎదురుగా గూఢలిపి

ఫైర్‌వాళ్లు, క్యాషీలు, వేగం పెంచే పెట్టెలు పెరిగేకొద్దీ అవి తమకు తెలియని ప్యాకెట్లను పారేయడం మొదలుపెట్టాయి. ఫలితంగా టీసీపీలో కొత్త వసతి చేర్చడమే కష్టమైంది. 2018లో సంభాషణను గూఢలిపిలో దాచే టీఎల్ఎస్ 1.3 ప్రమాణం తెచ్చినప్పుడు, నడిమి పెట్టెలు అడ్డుకోకుండా ఉండేందుకు అది పైకి పాత రూపంలాగే కనబడేట్టు రాయాల్సివచ్చింది. 2021 మేలో ప్రమాణమైన క్విక్ అనే రవాణా పద్ధతి ఒక అడుగు ముందుకేసి, రవాణా వివరాలను కూడా చాలామేరకు గూఢలిపిలో దాచింది. నడుమకు కనబడకపోతే నడుమ చెడగొట్టలేదు. అయితే లోపం ఎక్కడుందో వెతికే నెట్‌వర్కు నిర్వాహకుడికీ అది కనబడదు.

ఫైబరు, కరెంటు, మన పల్లెలు

ఇంటికి వచ్చే ఫైబర్ ఈ వాదాన్ని మరో రూపంలో తెచ్చింది. జీపాన్ పద్ధతిలో కంపెనీ ఆఫీసులోని ఓఎల్‌టీ అనే పెట్టె నుంచి ఒక్క ఫైబర్ బయల్దేరి, దారిలో ఒక స్ప్లిటర్ దగ్గర 32 ఇళ్లకో 64 ఇళ్లకో చీలుతుంది. స్ప్లిటర్ కేవలం వెలుగును పంచే గాజు భాగం. దానికి కరెంటు అక్కరలేదు, చెడిపోయే చిప్పూ లేదు. నెట్‌వర్కు చరిత్రలో ఇంతకంటే తెలివితక్కువ నడిమి పరికరం లేదు, కరెంటు కోతలున్న చోట అదే దాని గొప్ప. కిందికి సెకనుకు సుమారు 2.5 గిగాబిట్లు, పైకి 1.25 గిగాబిట్లు, 20 కిలోమీటర్ల వరకు. పైకి ఎవరు ఎప్పుడు పంపాలో మాత్రం ఓఎల్‌టీ సమయం కేటాయించి నడిపిస్తుంది. టోకెన్ రింగ్ వంతుల పద్ధతి వేరే వేషంలో తిరిగొచ్చినట్టే.

దీనికి మరో వైపుంది. పాత ల్యాండ్‌లైన్ ఫోనుకు కరెంటు ఎక్స్ఛేంజి నుంచే వచ్చేది. ఊరంతా చీకటైనా ఫోను మోగేది. ఇప్పుడు ఇంట్లో కరెంటు పోతే ఫైబర్ చివరి పెట్టె ఆగిపోతుంది. తెలివిని కొసకు తెస్తే కరెంటు బాధ్యత కూడా కొసకే వస్తుందన్న సంగతి సిద్ధాంత గ్రంథాల్లో కనిపించదు.

2017 డిసెంబరు 27న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించిన ఆంధ్రప్రదేశ్ ఫైబర్ గ్రిడ్, కరెంటు స్తంభాల మీదుగా కేబుల్ లాగి నెలకు 149 రూపాయలతో ఇంటర్నెట్, టీవీ, ఫోను ఇవ్వజూపింది. తవ్వకం ఖర్చు మిగిలింది, వేగంగా పని జరిగింది. తుపాను గాలికి స్తంభంతోపాటు కేబులూ పడుతుందన్నది దాని బలహీనత. తెలంగాణ టీ ఫైబర్ మిషన్ భగీరథ నీటి పైపుల కందకాలనే వాడుకుంది. అక్కడ గాలి భయం లేదుగాని, రోడ్డు పనుల జేసీబీ భయం ఉంది.

కేంద్రం 2011 అక్టోబరులో ఆమోదించిన పథకం, తర్వాత భారత్‌నెట్‌గా పేరు మారినది, తొలుత మండల స్థాయి నుంచి పంచాయతీకి ఒంటి గీతలా ఫైబర్ లాగింది. ఎక్కడ తెగినా దాని కిందివన్నీ పోతాయి. 2023 ఆగస్టులో 1,39,579 కోట్ల రూపాయలతో ఆమోదించిన సవరించిన పథకం గీతలను వలయాలుగా మార్చమంటుంది. ఒకవైపు తెగితే రెండోవైపు నుంచి చేరాలి. దానికోసం మండలాల్లోనూ పంచాయతీల్లోనూ ఐపీ ఎంపీఎల్ఎస్ రౌటర్లు, విద్యుత్ బ్యాకప్, పదేళ్ల నిర్వహణ. ఇది సరైన మార్పే. అయితే పంచాయతీ గదిలో పెట్టిన రౌటరును చూసుకునే మనిషి, దాని బ్యాటరీ మార్చే మనిషి ఎవరన్నది పరికరాల వేగం కంటే ముఖ్యమైన ప్రశ్న.

పక్షాలు పోల్చి చూస్తే

మొత్తం మీద మూడు ధోరణులు కనిపిస్తాయి. కొసవాదం బలం మార్పులో ఉంది. ఎవరి అనుమతీ అడగకుండా కొత్త సేవ మొదలుపెట్టవచ్చు, వెబ్ అలాగే వచ్చింది. దాని బలహీనత, కొసలన్నీ మర్యాదగా నడుచుకుంటాయని నమ్మడం. నడిమివాదం హామీలో బలమైనది. శస్త్రచికిత్స వీడియోకూ సినిమాకూ ఒకే వరస ఎందుకన్న దాని ప్రశ్న తోసిపారేసేది కాదు. కాని హామీ ఇచ్చే పెట్టె చేతిలో ఉన్నవాడు ఎవరిని ముందుకు పంపాలో కూడా నిర్ణయిస్తాడు. కొన్ని సైట్లనే ఉచితంగా ఇచ్చే ఫేస్‌బుక్ ఫ్రీ బేసిక్స్ పథకంపై వివాదం నడుమ 2016 ఫిబ్రవరి 8న టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ వివక్ష ధరలను నిషేధించింది ఆ భయంతోనే. అమెరికాలో అదే సూత్రం 2015లో వచ్చి, 2017లో పోయి, 2024లో మళ్లీ వచ్చి, 2025 జనవరిలో కోర్టులో వీగిపోయింది.

మూడోది 2008లో స్టాన్‌ఫర్డ్ నుంచి ఓపెన్‌ఫ్లో ప్రతిపాదనతో ఊపందుకుంది. పెట్టెలు తోసే పని మాత్రమే చేయాలి, నిర్ణయాలు విడిగా ఒక నియంత్రణ ప్రోగ్రాము చేయాలన్నది దాని సారం. తమ డేటా కేంద్రాలను కలిపే నెట్‌వర్కును ఇలా నడుపుతున్నామని గూగుల్ 2013లో వివరించింది. ఒకే యజమాని ఉన్నచోట ఇది చక్కగా పనిచేస్తుంది. వేల యజమానుల ఇంటర్నెట్‌లో ఆ ఒక్క నియంత్రణ ఎవరి చేతిలో ఉండాలో ఎవరూ చెప్పలేదు.

తేలనివి

నడిమి పెట్టెల జ్ఞాపకశక్తికి హద్దుంది. 2014 ఆగస్టు 12న ఇంటర్నెట్ దారుల పట్టిక 5,12,000 దాటినప్పుడు పాత రౌటర్లు కొన్ని నిండిపోయి పలుచోట్ల సేవలు ఆగాయి. ఇప్పుడా పట్టిక దాదాపు పది లక్షలకు చేరింది. దాన్ని కుదించే ప్రతిపాదనలు చాలానే వచ్చాయి, ఏదీ విస్తృతంగా అమలుకాలేదు. రద్దీలో న్యాయమంటే ప్రతి సంభాషణకూ సమాన వాటా ఇవ్వడమా, ప్రతి ఇంటికీ సమాన వాటా ఇవ్వడమా అన్నదీ తేలలేదు. ఒకే ఇంట్లో వంద సంభాషణలు తెరిచే యాప్ మొదటి కొలతలో లాభపడుతుంది.

మనకు అన్నిటికంటే దగ్గరిది ఐపీవీ6 ఇంటి రౌటర్ల సంగతి. ప్రతి పరికరానికీ బహిరంగ చిరునామా వచ్చాక బయటినుంచి వచ్చే పిలుపును ఇంటి పెట్టె మొదట్లోనే ఆపాలా, రానివ్వాలా? 2011లో ఇంటర్నెట్ ప్రమాణాల సంస్థ దీనిపై ప్రచురించిన సిఫారసులు మొదటి అమరికను ఒకే రకంగా నిర్దేశించకుండా, వాడకందారు మార్చుకోగలగాలని మాత్రం కోరాయి. మన ఊళ్లలో ఫైబర్ కనెక్షన్‌తో వచ్చే పెట్టెల్లో ఆ అమరిక పేజీకి పాస్‌వర్డు చాలాసార్లు కంపెనీ దగ్గరే ఉంటుంది. దాన్ని వాడకందారుకు తప్పక ఇవ్వాలని నియమం పెట్టాలా, పెడితే అమరిక తెలియక తెరిచిపెట్టిన ఇళ్లకు బాధ్యత ఎవరు వహించాలి అన్న చర్చ మన దగ్గర ఇంకా మొదలుకావలసి ఉంది.